మైకు కాదండి, మన ఫోన్ నంబరే ఊరంతా తిరుగుతోంది

ముందు మీరు అడిగింది ఓసారి రాస్తాను, మిగతావాళ్లకి కూడా తెలియాలి కదా. మీది భీమవరం పక్క ఊరు, నాలుగెకరాల రొయ్యల చెరువు. మొన్న రాత్రి గట్టు మీద మీరూ మీ బావమరిదీ కూర్చుని చెరువు నీళ్లలో గాలి కలిపే పాత ఏరియేటర్లు తీసేసి కొత్తవి వేద్దామా అని గంటసేపు మాట్లాడుకున్నారు, మీరు ఫోన్లో వెతకలేదు, ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, తెల్లారి ఫేస్‌బుక్ తీస్తే మూడో పోస్టే ఏరియేటర్ల యాడ్. "మన మాటలు ఫోన్ వింటోందా అండీ, మా ఇంట్లో ఆడవాళ్లు ఫోన్ పక్కనుంటే నోరు విప్పడానికే భయపడుతున్నారు" అని అడిగారు.

సూటిగా చెప్పేస్తానండి. యాడ్లు చూపించడం కోసం ఫేస్‌బుక్కో గూగులో మీ మైకు ఆన్ చేసి గట్టు మీద మాటలు వినట్లేదు. ఇది నేను ఊరికే అనట్లేదు, పాలకొల్లులో తొమ్మిదేళ్లు సెల్ రిపేరు షాపు నడిపాను, బోర్డు విప్పి మైకు ఐసీ మార్చిన ఫోన్లకి లెక్కలేదు, తర్వాత ఏడేళ్ల నుంచి చుట్టుపక్కల షాపులకి ఫేస్‌బుక్, ఇన్‌స్టా, గూగుల్ యాడ్లు వేసిపెట్టడమే నా పని. బట్టల షాపులు, మేత డీలర్లు, డెంటల్ క్లినిక్‌లు, నర్సాపురం నుంచి రాజోలు దాకా. అంటే మీకు కనపడే యాడ్‌కి అవతలి పక్కన కూర్చునేది నాలాంటివాళ్లే.

అవతలి పక్కన ఏముంటుందో చెప్తాను, అదే అన్నిటికన్నా ముఖ్యం. ఒక ఏరియేటర్ల డీలరు నా దగ్గరికొస్తాడు. నేను లాప్‌టాప్‌లో యాడ్స్ మేనేజర్ తీస్తాను, ఫేస్‌బుక్ యాడ్లు వేసే పేజీ అది. మ్యాప్ వస్తుంది, భీమవరం మీద ఒక పిన్ను గుచ్చుతాను, చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని పెడితే నీలం రంగు గుండ్రం వస్తుంది, అందులో ఆకివీడు, ఉండి, కాళ్ల, వీరవాసరం ఊళ్లన్నీ వచ్చేస్తాయి. వయసు 25 నుంచి 60, మగవాళ్లు, ఆక్వా మీద ఆసక్తి ఉన్నవాళ్లు. రోజుకి 500 రూపాయలు, పది రోజులు. పబ్లిష్ నొక్కితే అయిపోయింది. ఈ ఏడేళ్లలో ఆ పేజీలో ప్రతి మూలా చూశానండి, ఫలానా మాట మాట్లాడినవాళ్లకి చూపించు అనే గడి ఒక్కటి కూడా లేదు. ఉంటే మా డీలర్లు ముందు దానికే డబ్బులు కట్టేవాళ్లు.

ఆ గుండ్రంలో మీరు ఉన్నారా లేదా? ఉన్నారు. మగవారు, నలభై దాటినవారు, రొయ్యల రేట్ల గ్రూపుల్లో రెండు మూడింట్లో ఉండే ఉంటారు, పొద్దున్నే కౌంట్ రేటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే ఎంత ధరో, చూడందే టీ తాగని మనుషులం కదా మనం. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు మీద ఎవరో పెట్టిన వీడియో చివరిదాకా చూసి ఉంటారు. పైగా సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, చెరువులో వదిలే సీజను దగ్గరికొస్తే డీలర్లందరూ ఒకేసారి యాడ్లు మొదలెడతారు, నా దగ్గరికే ఆ టైములో నలుగురైదుగురు వస్తారు. అంటే ఆ వారంలో మీరు గట్టు మీద ఏరియేటర్ల గురించి మాట్లాడారు, అదే వారంలో డీలరు కూడా ఏరియేటర్ల యాడ్ వేశాడు, రెండిటికీ కారణం ఒకటే, సీజను. మీ మాట విని యాడ్ రాలేదు, మీ చేత ఆ మాట మాట్లాడించిన కాలమే ఆ యాడ్ కూడా వేయించింది.

ఇంకో సంగతి. మీరు వెతకలేదు సరే, మీ బావమరిది వెతికాడేమో అడిగారా? మీరిద్దరూ ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్స్, వాట్సాప్‌లో రోజూ మాట్లాడుకుంటారు, ఒకరి నంబరు ఒకరి ఫోన్లో ఉంది, ఇద్దరూ ఒకే చెరువు దగ్గర రాత్రిళ్లు గంటలు గంటలు ఉంటారు, ఆయన మీ ఇంటికొస్తే మీ వైఫైలోనే ఉంటాడు. ఆయన ఇంటికెళ్లి యూట్యూబ్‌లో ప్యాడిల్ వీల్ ఏరియేటర్ ఎంత హార్స్‌పవర్ కావాలి అని ఒక వీడియో చూసి, దాన్ని బట్టి ఒక కంపెనీ సైటులోకి వెళ్లి రేటు చూస్తే, ఆ సైటులో ఫేస్‌బుక్ సొంత కంపెనీ మెటా వాళ్ల పిక్సెల్ అనే చిన్న కోడు ఉంటే ఆయన వచ్చాడని అటు కబురు వెళ్లిపోతుంది. అక్కణ్ణుంచి ఆయనకీ, ఆయనలాంటివాళ్లకీ యాడ్లు మొదలవుతాయి. మేం లుక్ అలైక్ అంటాం, అంటే ఈ వందమంది కొన్నారు, వీళ్లలాంటి మనుషుల్ని ఇంకా వెతికి చూపించు అని. మీ బావమరిదిలాంటి మనిషి ఎవరండి? మీరే.

ఇక మైకు సంగతి. నమ్మకం కోసం కాదు, లెక్క కోసం చూడండి. మాట అర్థమయ్యేలా బాగా కుదించి పంపినా సెకనుకి 16 కిలోబిట్లు కావాలనుకోండి, గంటకి 7 ఎంబీ పైనే అవుతుంది, రోజుకి పన్నెండు గంటలు వింటే 86 ఎంబీ, నెలకి రెండున్నర జీబీ. మీ రోజు డేటా ఒకటిన్నర జీబీలో అది దాగదు, సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తీస్తే ఏ యాప్ ఎంత పంపిందో వరసగా కనపడుతుంది. మరి ఫోన్లోనే మాటని అక్షరాలుగా మార్చేసి ఆ అక్షరాలే పంపితే అని ఒక కుర్రాడు నన్ను అడిగాడు, మంచి ప్రశ్నే, అక్షరాలు పంపడానికి డేటా పెద్దగా అక్కర్లేదు నిజమే. కానీ రోజంతా మాటని అక్షరాలుగా మారుస్తూ కూర్చుంటే ప్రాసెసరు ఊరుకోదండి, ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ మధ్యాహ్నానికే దిగిపోతుంది. పైగా ఆ గట్టు మీద ఏరియేటర్ల మోత, పక్కన జనరేటరు, మన గోదారి యాస, సగం ఇంగ్లీషు సగం తెలుగు, ఆ మోతలో నా మాట మీకే రెండోసారి చెప్తే గానీ వినపడదు. కోట్లమంది మాటల్ని అలా వడగట్టే ఖర్చు కన్నా, మీరు ఏ గ్రూపులో ఉన్నారో చూసుకోవడం వాళ్లకి చాలా చవక.

"ఓకే గూగుల్ అంటే పలుకుతుంది కదా, అంటే ఎప్పుడూ వింటున్నట్టే కదా" అంటారు చాలామంది. అది నిజంగా చెవి ఒగ్గే ఉంటుంది, కాకపోతే దానికి వేరే చిన్న చిప్పు భాగం ఉంటుంది, చాలా తక్కువ కరెంటుతో నడుస్తుంది, దానికి తెలిసింది ఆ ఒక్క పిలుపే. ఇంట్లో కుక్కకి దాని పేరు తెలిసినట్టు. పేరు వినపడితే లేస్తుంది, మిగతా మాటలు దానికి చప్పుడే. ఆ పిలుపు విన్నానని అది అనుకున్నాకే రికార్డింగు మొదలై సర్వరుకి వెళ్తుంది.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 2018లో 17 వేలకి పైగా ఆండ్రాయిడ్ యాప్‌లని తీసుకుని, ఏ యాప్ ఏం పంపుతోందో చూశారు. తెలియకుండా మైకు ఆన్ చేసి మాటలు పంపుతున్న యాప్ ఒక్కటీ దొరకలేదు. అయితే ఆ ఫోన్లని మనుషులు కాకుండా ప్రోగ్రామే నడిపింది, కాబట్టి అదే ఆఖరి మాట అని నేననను. కానీ వాళ్లకి ఇంకోటి దొరికింది, అదే నన్ను కలవరపెట్టింది. కొన్ని యాప్‌లు మనం స్క్రీన్ మీద ఏం నొక్కుతున్నామో వీడియోలా తీసి బయటి కంపెనీలకి పంపుతున్నాయట. అందరూ చెవి గురించి గొడవ పడుతుంటే కన్ను సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ మరుసటేడు, 2019లో, వాండెరా అనే ఫోన్ సెక్యూరిటీ కంపెనీ వాళ్లు ఒక గదిలో ఐఫోను, శాంసంగు పెట్టి, మూడు రోజులు రోజుకో అరగంట కుక్కల మేత, పిల్లుల మేత యాడ్లు ఆపకుండా వినిపించారు, ఇంకో గదిలో అవే ఫోన్లు నిశ్శబ్దంగా పెట్టారు. ఒక్క మేత యాడూ రాలేదు. డేటా వాడకంలో, బ్యాటరీలో రెండు గదులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

2018 ఏప్రిల్‌లో అమెరికా సెనేట్‌లో ఫేస్‌బుక్ అధిపతి జకర్‌బర్గ్‌ని ఒక సెనేటరు ఇదే ప్రశ్న ముఖాముఖీ అడిగాడు, ఆయన కాదన్నాడు. ఆయన కాదన్నాడని మీరు నమ్మక్కర్లేదు, నేనూ దాని మీద ఆధారపడట్లేదు.

అలాగని మైకుని ఎవరూ ఎప్పుడూ తప్పుగా వాడలేదు అంటే అబద్ధం చెప్పినట్టే, ఆ జరిగినవీ తెలియాలి. స్పెయిన్‌లో ఫుట్‌బాల్ లీగు లా లిగా వాళ్ల యాప్ ఉంది, మ్యాచ్ టైములో అది ఫోన్ మైకు ఆన్ చేసి, హోటల్లో డబ్బు కట్టకుండా మ్యాచ్ వేస్తున్నారేమో టీవీ చప్పుణ్ణి బట్టి పట్టేది, అక్కడి డేటా రక్షణ సంస్థ 2019లో రెండున్నర లక్షల యూరోలు ఫైను వేసింది. మన దేశంలో పుట్టిన సిల్వర్‌పుష్ అనే కంపెనీ టీవీ యాడ్లలో మనిషి చెవికి అందని శబ్దం పెట్టి, దాన్ని ఫోన్ మైకు పట్టేలా ఒక పద్ధతి తయారు చేసింది, 2016 మార్చిలో అమెరికా ట్రేడ్ కమిషన్ ఆ కోడు పెట్టుకున్న 12 మంది యాప్ తయారీదారులకి హెచ్చరిక ఉత్తరాలు పంపింది. గమనించారా, ఈ రెండింట్లోనూ ఫోన్ వెతికింది టీవీ చప్పుణ్ణి, మన కబుర్లని కాదు.

ఐఫోన్లో ఓకే గూగుల్ లాగా పిలిస్తే పలికే సిరి సంగతి వేరు. పిలవకుండానే పొరపాటున లేచి రికార్డు చేసిన ముక్కల్ని నాణ్యత చూడ్డానికి బయటి కాంట్రాక్టు మనుషులు వింటున్నారని 2019లో ఇంగ్లండు పత్రిక గార్డియన్ బయటపెట్టింది, యాపిల్ క్షమాపణ చెప్పింది, కోర్టు కేసు నడిచి 2025 జనవరిలో 9.5 కోట్ల డాలర్లకి రాజీకొచ్చింది. తప్పు చేశామని ఒప్పుకోలేదు, యాడ్లకి వాడలేదని అంది. దీన్ని నేను చిన్న విషయంగా చూడను. మన ఇంటి మాట ముక్క ఎవరో తెలియని మనిషి చెవిలో పడటం తప్పే, యాడ్ వచ్చినా రాకపోయినా.

ఇంక మీకు వాట్సాప్‌లో వచ్చి ఉంటుంది, "యాక్టివ్ లిజనింగ్" అని ఫోన్ మైకుల ద్వారా విని యాడ్లు వేస్తామని ఒక కంపెనీ చెప్పిందని. అది అమెరికాలో కాక్స్ మీడియా గ్రూప్, 2023 చివర్లో 404 మీడియా అనే న్యూస్ సైటు బయటపెట్టింది. నేను ఆ ముక్క చదివిన రోజు నిద్ర పట్టలేదు, నా పనే ఇది కదా. మాటలు వింటాం అని వ్యాపారులకి అమ్ముకోవడానికి చెప్పారు, నిజంగా అలా విన్నట్టు ఆధారం మాత్రం బయటికి రాలేదు, గొడవయ్యాక ఆ పేజీ తీసేశారు, తర్వాత గూగుల్ తన పార్ట్‌నర్ల లిస్టులోంచి వాళ్లని తీసేసింది. యాడ్లు అమ్మేవాళ్లు గొప్పలు చెప్పడం నాకు బాగా తెలుసండి, మా లైనులో మీ కస్టమర్ మనసులో ఏముందో కూడా చెప్పేస్తాం అని బ్రోచర్లో రాసుకునేవాళ్లున్నారు.

మన దేశంలో కూడా 2023 మే నెలలో ఒక గొడవ జరిగింది, నిద్రపోతున్న టైములో వాట్సాప్ మైకు వాడినట్టు ఫోన్లో చూపించిందని ట్విటర్ ఇంజనీరు ఒకాయన ఫోటో పెట్టాడు, అప్పటి మన ఐటీ సహాయ మంత్రి కూడా పరిశీలిస్తామన్నారు. చివరికి తేలింది ఆండ్రాయిడ్‌లో లెక్క తప్పు చూపించే బగ్గని, గూగులే ఒప్పుకుంది. పెగాసస్ లాంటి నిఘా సాఫ్టువేరు నిజంగా మైకు ఆన్ చెయ్యగలదు, కానీ అది ఎంపిక చేసిన మనుషుల మీద వాడేది, ఏరియేటర్లు అమ్మడానికి వాడేది కాదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికొస్తాను. పోయినేడు మా వీధిలో ఒక పిన్నిగారు కోపంగా వచ్చారు. వాళ్లమ్మాయికి సంబంధం కుదిరింది, ఇంకా చుట్టాలకి కూడా చెప్పలేదు, ఇంట్లో వంటింట్లో మాట్లాడుకున్నారంతే, ఫేస్‌బుక్ నిండా పెళ్లి నగల యాడ్లు. "ఫోన్ అమ్మేస్తాను బాబూ" అన్నారు. నేను ఆవిడ ఫోన్ తీసుకుని ఆ యాడ్ మీద కుడివైపు మూడు చుక్కలుంటాయి కదా, అవి నొక్కి "ఈ యాడ్ నాకెందుకు కనిపిస్తోంది" అన్నది నొక్కాను. పేజీ వచ్చింది. అందులో మొదటి లైనే, ఈ వ్యాపారి అప్‌లోడ్ చేసిన లిస్టులో మీ వివరాలు ఉన్నాయి అని. ఆవిడ ఏ లిస్టు, నేనెక్కడా ఇవ్వలేదు అన్నారు. కాసేపాగి ఆవిడే అన్నారు, రాజమండ్రిలో ఒక నగల షాపులో లక్కీ డ్రా కూపన్ నింపాను బాబూ, పేరు, ఫోన్ నంబరు, ఇంట్లో పెళ్లిళ్లు ఉన్నాయా అని ఒక గడి, అందులో టిక్కు పెట్టాను అని.

అదండి సంగతి. ఆ కూపన్లన్నీ ఒక కుర్రాడు కూర్చుని ఎక్సెల్‌లోకి ఎక్కిస్తాడు, ఆ ఫైలు నాలాంటివాడికి వాట్సాప్‌లో వస్తుంది, నేను దాన్ని అప్‌లోడ్ చేస్తే కంప్యూటరు ఒక్కో నంబర్నీ హాష్ అనే కోడుగా మార్చి, ఫేస్‌బుక్ దగ్గరున్న నంబర్ల కోడుతో పోల్చి, కలిసిన మనుషులందరికీ యాడ్ చూపిస్తుంది. మైకు ఎందుకండి ఇంక? ఆవిడే చేత్తో రాసి ఇచ్చారు. అప్పటిదాకా ఇలాంటి లిస్టులు నేనే చాలా ఎక్కించాను, ఆ నంబర్లు ఇచ్చినవాళ్లకి యాడ్ల కోసమని చెప్పారా అని ఒక్కసారి కూడా అడగలేదు. పిన్నిగారి ముఖం చూశాక మానేశాను. ఇప్పుడు ఎవరైనా ఫైలు పంపితే కూపన్ మీద యాడ్ల కోసం వాడతాం అని రాసి ఉందా అని అడుగుతున్నాను, లేకపోతే ఎక్కించను, ఇద్దరు షాపువాళ్లు నన్ను మార్చేసుకున్నారు కూడా. 2023లో మన దగ్గర డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, 2025 నవంబర్లో రూల్స్ ఇచ్చారు. ఎందుకు వాడతారో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని అందులో ఉంది, అయితే ఆ భాగం అమల్లోకి రావడానికి రూల్స్ వచ్చిన దగ్గర్నుంచి 18 నెలలు గడువిచ్చారు. ఈలోపు మన నంబరు మనమే చూసుకోవాలి. మేత కొట్టులో, మందుల కొట్టులో, సెల్ షాపులో నంబరు చెప్పండి అంటే ఎందుకండి అని ఒక్క మాట అడగండి. అడగడం తప్పు కాదు.

దీనికన్నా నన్ను భయపెట్టేది లోన్ యాప్‌లు. ఆక్వాలో ఒక పంట పోతే అర్జెంటుగా ఇరవై వేలకి ఏదో యాప్ వేసుకుంటారు, అది కాంటాక్ట్స్ అడిగితే అలౌ నొక్కేస్తారు. తర్వాత ఆ యాప్ వాళ్లు వియ్యంకుడికి ఫోన్ చేసి పరువు తీస్తారు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబర్లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫైళ్లు ముట్టుకోకూడదు, గూగుల్ ప్లే కూడా 2023 మే నుంచి దాన్ని నిషేధించింది. కాబట్టి ఏ లోన్ యాప్ అయినా కాంటాక్ట్స్ అడిగిందంటే అది ఇన్‌స్టాల్ చేసుకోదగ్గది కాదు, అక్కడే తీసేయండి.

మీ ఇంట్లోవాళ్లకి ధైర్యం కోసం ఫోన్లో చేయాల్సినవి చెప్తాను. మీది ఆండ్రాయిడ్ 12 కానీ ఆ పైది కానీ అయితే ఏ యాప్ మైకు వాడుతున్నా స్క్రీన్ పైన కుడి మూల ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది, ఐఫోన్లో అయితే నారింజ రంగు చుక్క. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్తే ప్రైవసీ డాష్‌బోర్డ్ ఉంటుంది, నిన్నటి నుంచి ఏ యాప్ ఏ టైముకి మైకు వాడిందో గంటలతో సహా చూపిస్తుంది, అది ఇంట్లో అందరికీ చూపించండి. పక్కనే పర్మిషన్ మేనేజర్‌లో మైక్రోఫోన్ నొక్కి, టార్చి లైటు యాప్‌కి, గేములకి, క్యాలెండరుకి మైకు ఉంటే తీసేయండి. ఫేస్‌బుక్‌కి కూడా తీసేయొచ్చు, వీడియో తీసి పెట్టాలంటే తప్ప పనేమీ ఆగదు. అదే ప్రైవసీలో యాడ్స్ అని ఉంటుంది, అందులో అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చెయ్యండి, చాలా యాప్‌లు మిమ్మల్ని ఒకే మనిషిగా గుర్తుపట్టేది దాన్ని బట్టే. లొకేషన్ మాత్రం యాప్ వాడుతున్నప్పుడే అని మార్చండి, ఎప్పుడూ అని ఉంటే మీ చెరువు, మీ ఇల్లు, మీరు వెళ్లే బ్యాంకు అన్నీ తెలిసిపోతాయి. ఒక్క సంగతి, ఇవన్నీ చేస్తే యాడ్లు ఆగవు, కాకపోతే ఏరియేటర్ల బదులు ఏ బిస్కెట్లో సబ్బులో వస్తాయి.

మీరింకా నమ్మకపోతే పర్వాలేదు, మీరే పరీక్షించండి. మీకెప్పుడూ అవసరం రాని వస్తువు ఒకటి అనుకోండి, నేనైతే నా షాపులో మంచులో జారే చెక్కలు కొందాం అని నాలుగు రోజులు రెండు ఫోన్ల ముందు ఇంకొకరితో గట్టిగా మాట్లాడాను, ఎక్కడా వెతకలేదు, ఒక్క యాడూ రాలేదు. ఐదో రోజు ఒక ఫోన్లో ఒకే ఒక్కసారి గూగుల్‌లో కొట్టాను, సాయంత్రానికి వచ్చేశాయి. మీరు చేసేటప్పుడు ఆ వస్తువు పేరు కాగితం మీద రాసుకోండి, ఫోన్లో టైపు చెయ్యకండి, ఎవరికీ వాట్సాప్ చెయ్యకండి.

ముందుగా మాత్రం ఆ ఏరియేటర్ల యాడ్ మళ్లీ కనపడితే మూడు చుక్కలు నొక్కి ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపండి. రాత్రికి గట్టు మీద కలిసినప్పుడు మీ బావమరిదిని యూట్యూబ్ హిస్టరీ తీసి చూపించమనండి, మీరు మాట్లాడుకున్న రాత్రి పది దాటాక ఏం చూశారో.